ఆఫర్ ఇచ్చి ఉద్యోగం లేదంటే: డబ్బు, కాగితాలు ఎలా రాబట్టుకోవాలి

హన్మకొండ, కాజీపేట పిల్లలు అడిగేది ఒకటే: "ఆఫర్ లెటర్ వచ్చింది, పాత ఉద్యోగం మానేశాను, జాయినింగ్ దగ్గరపడ్డాక లేదంటున్నారు. కేసు వేస్తే ఉద్యోగం ఇస్తారా?" జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి అదే ప్రశ్న ఇంకోలా వస్తుంది: "ఏజెంటుకు లక్షన్నర కట్టినం. వీసా రాలె, పైసలు ఇస్తలేడు. ఏం జెయ్యాలె?"

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. ప్రైవేటు కంపెనీ విషయంలో కోర్టు ఆ ఉద్యోగం ఇప్పించదు. ఇష్టం లేని మనిషిని పనిలో పెట్టుకోమని బలవంతం చేసే ఆదేశాలు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద మామూలుగా రావు. మీరు అడగగలిగేది జరిగిన నష్టానికి పరిహారం, కట్టిన డబ్బు, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు. "నా ఉద్యోగం నాకు కావాలి" అని ఆరు నెలలు తిరిగేకంటే వీటి మీద పడితే ఏదో ఒకటి చేతికి వస్తుంది.

ముందు ఇవి ఒకచోట పెట్టుకోండి

- ఆఫర్ లెటర్ లేదా అపాయింట్‌మెంట్ లెటర్, దానితో వచ్చిన మెయిల్
- మీరు ఒప్పుకున్నట్టు పంపిన జవాబు. సంతకం పెట్టిన కాపీ అయినా, "ఐ యాక్సెప్ట్" అన్న మెయిల్ అయినా సరే
- ఉద్యోగం లేదని చెప్పిన మెయిల్, మెసేజ్. ఫోన్లో చెప్పి ఉంటే ఆ తేదీ, సమయం, చెప్పిన వ్యక్తి పేరు
- పాత కంపెనీకి ఇచ్చిన రాజీనామా, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల జీతం స్లిప్పులు
- డబ్బు కట్టి ఉంటే రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే లేదా గూగుల్ పే ట్రాన్సాక్షన్ నంబర్లు
- హాస్టల్ అడ్వాన్సు, మెడికల్ టెస్టు, ప్రయాణం బిల్లులు
- ఒక తెల్లకాగితం మీద తేదీల వరుస: ఏ రోజు ఏం జరిగింది

ఆ చివరిదాన్ని చిన్నచూపు చూడకండి. వకీలు దగ్గరికి వెళ్లినా, స్టేషన్‌కు వెళ్లినా మొదట అడిగేది అదే. కథ మొత్తం చెప్పబోతే ఎవరూ వినరు. ఒక పేజీ కాగితం ఇస్తే చదువుతారు.

1. మీది ఏ రకం కేసో తేల్చుకోండి

ఇక్కడ పొరపడితే తర్వాత వేసే ప్రతి అడుగూ తప్పుతుంది.

నిజమైన కంపెనీ ఆఫర్ ఇచ్చింది, మీ దగ్గర డబ్బు తీసుకోలేదు, తర్వాత ప్రాజెక్టు లేదనో బడ్జెట్ లేదనో వెనక్కి తగ్గింది. ఇది ఒప్పందం ఉల్లంఘన, సివిల్ వ్యవహారం. దీనికి పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "మాది కాదు" అంటారు. వాళ్లు చెప్పేది నిజమే.

కన్సల్టెన్సీయో, "వంద శాతం జాబ్ గ్యారంటీ" కోచింగ్ సెంటరో ఫీజు తీసుకుని ఉద్యోగం చూపించలేదు. డబ్బు ఇచ్చి సేవ కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకు పనికొస్తుంది.

కంపెనీయే లేదు, లెటర్ దొంగది, లేదా ఇవ్వడానికి ఉద్యోగం లేదని తెలిసీ మొదటి రోజు నుంచే మోసం చేసే ఉద్దేశంతో డబ్బు గుంజారు. ఇది చీటింగ్, అంటే క్రిమినల్ కేసు. 2024 జులై 1 నుంచి ఐపీసీ 420 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318(4) వచ్చింది. ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు.

రెండోది, మూడోది కలిసి కూడా ఉండొచ్చు. అప్పుడు రెండు దారుల్లోనూ వెళ్లొచ్చు.

లేబర్ ఆఫీసు గురించి చాలామంది అడుగుతారు. అది పనిలో చేరినవాళ్ల జీతాలు, తొలగింపుల కోసం. ఒక్క రోజు కూడా పనిచేయనివాళ్లకు అక్కడ పెద్దగా ఏమీ జరగదు.

2. లెటర్‌ను మళ్లీ చదవండి, ఈసారి వకీలులా

చూడాల్సినవి నాలుగు.

పేరు ఏమని ఉంది? "లెటర్ ఆఫ్ ఇంటెంట్" అని ఉంటే బలం తక్కువ. తీసుకునే ఉద్దేశం ఉందని మాత్రమే దాని అర్థం. జీతం, హోదా, చేరే తేదీ ఉన్న ఆఫర్ లెటర్ మీద మీరు ఒప్పుకుని ఉంటే అది ఒప్పందం.

మీరు ఎప్పుడు ఒప్పుకున్నారు? 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం మీరు అంగీకారం పంపేలోపు ఆఫర్‌ను వెనక్కి తీసుకోవచ్చు, పంపాక తీసుకోకూడదు. అందుకే ఆఫర్ రాగానే ఫోన్లో "సరే సార్" అని ఊరుకోవద్దు, మెయిల్ కొట్టండి.

షరతులు ఏమున్నాయి? బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, మెడికల్, బ్యాక్‌లాగ్స్ లేకుండా డిగ్రీ పూర్తి కావడం లాంటివి. షరతు మీరు తప్పి ఉంటే మీ కేసు బలహీనం. తప్పకపోయినా వాళ్లు ఆ సాకు చెబుతుంటే ఏ షరతు, ఎలా తప్పిందో రాతలో అడగండి. మాట్లాడినప్పుడు గట్టిగా చెప్పిన హెచ్‌ఆర్ రాతలో చెప్పమంటే మెత్తబడటం చాలాసార్లు జరుగుతుంది.

నోటీసు పీరియడ్ ఎంత? ఇది అసలైన లెక్క. "నెల నోటీసుతో ఎవరైనా తెంచుకోవచ్చు" అని లెటర్లో ఉంటే, కోర్టులు సాధారణంగా ఆ నెల జీతం దగ్గరే ఆగుతాయి. ఏడాది జీతం ఇప్పిస్తామని ఎవరైనా ఆశ పెడితే ఈ వాక్యం చూపించి అడగండి.

3. సాక్ష్యం ఈ రోజే దాచండి

మెయిల్స్ పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి, కానీ అసలు మెయిల్‌ను డిలీట్ చేయొద్దు. వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. కంపెనీ పోర్టల్‌లో లాగిన్ ఉంటే అది మూసేయకముందే స్క్రీన్‌షాట్లు తీయండి. కాలేజీ మెయిల్ ఐడీకి ఆఫర్ వచ్చిన ఫ్రెషర్లు మరీ జాగ్రత్త, చదువు అయిపోయాక ఆ ఐడీ మూసేస్తారు.

ఫోన్ మార్చకండి, అమ్మకండి. డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. ఆ చాట్ ఉన్న పరికరం మీ దగ్గర ఉంటే ఆ పని తేలిక.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయితే ఇంకొకటి చేయండి. ఒక ఆఫర్ వచ్చాక మిగతా కంపెనీల డ్రైవ్‌లకు కూర్చోనివ్వని నియమం చాలా కాలేజీల్లో ఉంటుంది. ఈ ఆఫర్ వల్లే మిమ్మల్ని మిగతా డ్రైవ్‌లకు అనుమతించలేదని ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌తో రాయించుకోండి. ఫ్రెషర్ దగ్గర జీతం స్లిప్పులుండవు, నష్టం చూపించడానికి ఇంతకంటే మంచి కాగితం దొరకదు. కంపెనీతో కాలేజీకి వచ్చే ఏడాది కూడా పని ఉంటుంది కాబట్టి కొందరు ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు జంకుతారు. మర్యాదగానే, కానీ రాతలో అడగండి.

4. నష్టం లెక్క కట్టండి

రెండు పద్ధతులున్నాయి. ఉద్యోగం ఇచ్చి ఉంటే వచ్చే జీతం ఒక పద్ధతి. ఆఫర్ నమ్మి మీరు పోగొట్టుకున్నది, ఖర్చుపెట్టింది ఇంకో పద్ధతి. రెండూ కలిపి ఒకే నష్టాన్ని రెండుసార్లు రాస్తే అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే.

ఉదాహరణకు 32,000 జీతం మానేసి 45,000 ఆఫర్ ఒప్పుకున్నారు అనుకుందాం. అది పోయాక రెండు నెలలకు వేరే ఉద్యోగం దొరికింది. మొదటి పద్ధతిలో రెండు నెలలకు 90,000. రెండో పద్ధతిలో పోయిన పాత జీతం 64,000, హాస్టల్ అడ్వాన్సు 8,000, మెడికల్ టెస్టు 2,500, మొత్తం 74,500. లెటర్లో నెల నోటీసు ఉంటే చివరికి 45,000 దగ్గర తెగొచ్చు. కాబట్టి 90,000 అడగండి, 45,000 కంటే ఎక్కువ ఇస్తామంటే ఆలోచించండి.

ఈ మధ్యలో ఇంకో ఉద్యోగం వెతకండి. "వేరే ఉద్యోగంలో చేరితే కేసు పోతుందా?" అని భయపడి ఇంట్లో కూర్చుంటారు కొందరు. నిజం దానికి తలకిందులు. నష్టం తగ్గించుకునే ప్రయత్నం చేశారా లేదా అని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 చూస్తుంది. పెట్టిన అప్లికేషన్లు, వెళ్లిన ఇంటర్వ్యూలు కూడా ఫైల్లో పెట్టుకోండి.

5. మొదట మెయిల్, తర్వాత నోటీసు

ముందు మీరే ఒక మెయిల్ రాయండి. ఇంగ్లిష్‌లో రాసినా సారాంశం ఇలా ఉండాలి:

"ఫలానా తేదీన మీరు ఇచ్చిన ఆఫర్‌ను ఫలానా తేదీన అంగీకరించాను. దాన్ని నమ్మి పాత ఉద్యోగానికి రాజీనామా చేశాను. ఫలానా తేదీన మీరు ఆఫర్ రద్దు చేశారు. కారణం రాతపూర్వకంగా తెలపండి. నాకు జరిగిన నష్టం ఇంత, వివరాలు జతచేశాను. 15 రోజుల్లో చెల్లించండి. లేకపోతే చట్టపరంగా ముందుకు వెళ్తాను."

అంతే. తిట్లు, లింక్డ్‌ఇన్‌లో పరువు తీస్తానన్న బెదిరింపులు వద్దు. అవి మీ మీదకే తిరుగుతాయి. రద్దు చేయకుండా "జాయినింగ్ వాయిదా పడింది" అని నెలల తరబడి నానుస్తుంటే, కచ్చితమైన తేదీ ఫలానా రోజులోపు చెప్పండి, లేదంటే రద్దు చేసినట్టే భావిస్తానని రాయండి.

జవాబు రాకపోతే వకీలుతో లీగల్ నోటీసు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ రుజువు దాచండి. ఆ చిరునామా కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే వస్తుంది. పేరే అక్కడ లేదంటే మీది మూడో రకం కేసు కావచ్చు, మొదటి మెట్టుకు తిరిగి వెళ్లండి.

6. సివిల్ దారి: ముందు న్యాయ సేవాధికార సంస్థ

యాభై వేల లోపు నష్టానికి సివిల్ దావా వేయమని నేను చెప్పను. ఫీజులు, వాయిదాలు కలిపితే గిట్టదు. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ పిటిషన్, అంటే దావా వేయకముందే రాజీ కోసం పెట్టే అర్జీ, ఇవ్వండి. హన్మకొండలో అయితే కోర్టు ఆవరణలో అడిగితే చూపిస్తారు. అవతలివాళ్లను పిలిచి మాట్లాడతారు. కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, కోర్టు ఫీజు ఉండదు. అవతలివాళ్లు రాకపోతే బలవంతంగా తీర్పు చెప్పలేరు, ఇది దీని లోపం.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.

నష్టం పెద్దదైతే దావా వేయండి. ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి. లెటర్లో "బెంగళూరు కోర్టులకే అధికారం" లాంటి వాక్యం ఉందేమో ముందు చూడండి. ఉంటే వరంగల్‌లో వేసిన దావా మొదట ఆ వాదన దగ్గరే ఇరుక్కుంటుంది.

7. ఫీజు కట్టినవాళ్లు: వినియోగదారుల కమిషన్

ఇది బాగా పనిచేసే దారి, వాడేవాళ్లే తక్కువ. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ మీద పరకాలవాళ్లు హైదరాబాద్ తిరగక్కర్లేదు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫిర్యాదు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. పేరున్న సంస్థలైతే కొన్నిసార్లు అక్కడే దిగివస్తాయి.

ప్రకటనల కరపత్రం, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, ఫ్లెక్సీ ఫొటో, అన్నీ జతచేయండి. ఎంపిక గ్యారంటీ అంటూ తప్పుడు ప్రకటనలు ఇవ్వొద్దని 2024 నవంబరులో కేంద్రం కోచింగ్ సంస్థలకు మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని రసీదు మీద ఉన్నంత మాత్రాన ఆగిపోకండి. చెప్పిన సేవ ఇవ్వనప్పుడు ఆ ముద్ర ఒక్కటే వాళ్లను కాపాడదు.

8. మోసమైతే: పోలీసులు

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్, తర్వాతే బంధువులకు ఫోన్. డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉంటే ఆపగలుగుతారు, గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది.

స్టేషన్‌లో పిటిషన్ ఇచ్చేటప్పుడు "ఉద్యోగం ఇవ్వలేదు" అని రాయకండి. "లేని ఉద్యోగం ఉందని నమ్మించి, ఫలానా తేదీన ఇంత డబ్బు తీసుకున్నాడు, నకిలీ లెటర్ ఇచ్చాడు" అని రాయండి. మొదటిది సివిల్‌లా వినిపిస్తుంది, రెండోది నేరం. అయితే జరగనిది రాయొద్దు. మీలాగే మోసపోయినవాళ్లు ఇంకొందరు ఉంటే కలిసి వెళ్లండి, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని చూపించడానికి అంతకంటే బలమైనది లేదు.

పిటిషన్ తీసుకుని కేసు కట్టకపోతే వరంగల్, కరీంనగర్, రామగుండం లాంటి చోట్ల పోలీస్ కమిషనర్‌కు, జగిత్యాల లాంటి జిల్లాల్లో ఎస్పీకి పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 175(3) కింద మేజిస్ట్రేట్‌ను అడగొచ్చు.

ఇప్పుడు చేదు మాట. సింగరేణిలోనో, రైల్వేలోనో "పైరవీతో" ఉద్యోగం ఇప్పిస్తామంటే డబ్బు ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. లంచం కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు, కాబట్టి సివిల్ కోర్టులో ఆ డబ్బు రాబట్టడం చాలా కష్టం. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. ఒత్తిడి చేసి తీసుకుంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు రక్షణ ఉంది. ఇలాంటి కేసులో పిటిషన్ రాసేముందు తప్పకుండా వకీలును కలవండి.

9. గల్ఫ్ ఏజెంటు అయితే

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు, లైసెన్స్ నంబర్ వెతకండి. ఊళ్లో తిరిగే మనిషి "నేను ముంబై ఆఫీసు తరఫున" అంటే అతను సబ్ ఏజెంటు, అతనికి ఏ లైసెన్సూ లేదు. లైసెన్స్ ఉన్నవాళ్లయినా మీ దగ్గర సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర తీసుకున్నాడంటే అక్కడే తప్పు చేశాడు.

లైసెన్స్ ఉంటే ఈ-మైగ్రేట్‌లోనే ఫిర్యాదు పెట్టి, కాపీ హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకు పంపండి. లేకపోతే నేరుగా స్టేషన్, చీటింగ్‌తో పాటు ఎమిగ్రేషన్ చట్టం కూడా పెట్టమని పిటిషన్‌లో అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఒక కాపీ ఇవ్వడం వల్ల నష్టం లేదు, ఫైలు కదులుతుంది.

పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరుంటే మొదట దాన్ని తెచ్చుకోండి. అది భారత ప్రభుత్వ ఆస్తి, డబ్బు బాకీ కింద అట్టిపెట్టుకునే వస్తువు కాదు. "విజిట్ వీసా మీద పో, అక్కడికి పోయినంక మారుస్తం" అని కొత్తగా ఆశ పెడితే ఒప్పుకోవద్దు. అక్కడ పని చేస్తూ దొరికితే శిక్ష మీకే. ఇక ముందు వెళ్లాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కూడా పేరు నమోదు చేసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగాలకు దారి వేరు. సెలక్షన్ లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని సుప్రీంకోర్టు 1991లో శంకర్‌సన్ దాష్ కేసులో చెప్పింది. కానీ కారణం లేకుండా, ఇష్టానుసారంగా పక్కన పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. రాష్ట్ర పోస్టులకు హైకోర్టులో రిట్, కేంద్ర పోస్టులకు హైదరాబాద్‌లోని క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్). క్యాట్‌కు గడువు ఏడాది. ఈ కేసుల్లో ఆలస్యం చేయకండి, ఖాళీలు నిండిపోతే కోర్టు కూడా ఏమీ చేయలేదు.

ఎక్కువగా జరిగే తప్పులు

పెద్దమనుషుల పంచాయితీలో "మూడు నెలల్లో ఇస్తా" అన్న మాట తీసుకుని ఆగిపోవడం. అలా ఒప్పుకుంటే ప్రామిసరీ నోటు రాయించండి, మూడేళ్లలోపు దావా వేయాలని గుర్తుంచుకోండి. ఆశతో ఆ మూడేళ్లూ గడిపేసినవాళ్లు ఎక్కువ.

చెక్కు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయిందని బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో ఇవ్వకపోతే, ఆ తర్వాత నెల రోజుల్లోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయాలి. ఒక్క గడువు తప్పినా ఆ దారి మూసుకుపోవచ్చు. అన్నీ సరిగ్గా పాటిస్తే ఏజెంట్లను అసలు కదిలించేది ఈ కేసే.

లెటర్ అందకముందే రాజీనామా చేయడం, నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోవడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు కన్సల్టెన్సీ దగ్గర వదిలేయడం. ఇవి మీరు ఇప్పటికే చేసి ఉంటే, ఇప్పుడైనా వాట్సాప్‌లో "ఫలానా రోజు మీకు ఇచ్చిన ఎనభై వేలు ఎప్పుడిస్తారు?" అని అడగండి. "వచ్చే వారం ఇస్తా" అని జవాబు వచ్చిందంటే డబ్బు అందిందని అతనే ఒప్పుకున్నట్టు.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

స్టేషన్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ మీ చేతిలో ఉండాలి, అది ఉచితం. పిటిషన్ మీద వేసిన ముద్ర ఎఫ్ఐఆర్ కాదు. ఎఫ్ఐఆర్‌లో సెక్షన్లు, మీరు చెప్పిన మొత్తం, నిందితుల పేర్లు అన్నీ ఉన్నాయా చదవండి. 1930 ఫిర్యాదుకు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, వినియోగదారుల కేసుకు కేసు నంబర్ వస్తాయి. నంబర్ రాలేదంటే కేసు ఇంకా పడలేదని లెక్క. సివిల్, 138 కేసుల వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో కనిపిస్తాయి, వకీలుకు ఫోన్ చేసేముందు అక్కడ చూడండి.

రాజీకి వస్తే డబ్బు మీ ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. "మీరు కేసు వాపస్ తీసుకోండి, సాయంత్రానికి వేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. రాజీ పత్రంలో మొత్తం, తేదీ, తిరిగి ఇచ్చిన సర్టిఫికెట్ల జాబితా, పాస్‌పోర్టు నంబర్ రాయించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.